తుపాను కాలానికి ముందే పది సంస్థలను ఒక మాట మీదికి తేవడం ఎలా

వరద తీసిన మర్నాడు పెన్నా కింది ఊళ్లలో తరచుగా కనిపించే సంగతి ఒకటుంది. జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ఊరికి నాలుగు సంస్థల పులిహోర పొట్లాలు ఒకే పూట చేరతాయి. రోడ్డు దిగి, బకింగ్‌హాం కాలువ దాటి వెళ్లవలసిన పాళేనికి సాయంత్రం దాకా ఎవరూ రారు. ఆ నాలుగు సంస్థల్లో ఎవరికీ చిత్తశుద్ధి తక్కువ కాదు, అందరి చేతుల్లోనూ మంచి ఫోన్లే ఉన్నాయి. ఎవరి వాట్సాప్ గ్రూపులో వారు గంటకు నూరు సందేశాలు పంపుకుంటున్నారు. ఒక గ్రూపు సంగతి ఇంకో గ్రూపుకు తెలియదు, అంతే.

మీరు స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నా, మత్స్యకార సహకార సంఘంలో ఉన్నా, డ్వాక్రా మండల సమాఖ్యలో పనిచేస్తున్నా, ఊరి యువజన సంఘానికి పెద్ద అయినా ఈ వ్యాసం మీ కోసమే. నెల్లూరు, ప్రకాశం తీరానికి గండకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కాబట్టి కింద చెప్పిన పనులన్నీ సెప్టెంబరు ముగిసేలోగా పూర్తి కావాలి. ఒక్క షరతు: ఏ యాప్ వాడాలన్న చర్చతో మొదలుపెట్టకండి. ఆ చర్చతో మొదలైన సమావేశం ఆ చర్చతోనే ముగుస్తుంది.

1. ఎవరు, ఏమి, ఎక్కడ

ఐక్యరాజ్యసమితి మానవతా సహాయ సమన్వయ కార్యాలయం ప్రపంచమంతటా వాడే పట్టిక చాలా చిన్నది. ఎవరు, ఏ పని, ఏ చోట అన్న మూడు గడులే అందులో ముఖ్యం. మీరూ దానితోనే మొదలుపెట్టండి. ఒక మండలం తీసుకుని, అందులో పనిచేసే ప్రతి సంస్థకూ ఒక వరుస రాయండి. పడవలు ఎవరి దగ్గర ఉన్నాయి, వంట ఎవరు చేయగలరు, మందులు ఎవరివి, ట్రాక్టర్లు ఎవరివి? రాసిన పట్టికను గోడకు అంటించి చూస్తే ఖాళీలు వాటంతట అవే బయటపడతాయి. అన్నం పెట్టేవారు ఆరుగురు ఉంటారు. పశువుల మేత సంగతి చూసేవారు ఒక్కరూ ఉండరు.

పట్టికలో మనిషి పేరు కాక హోదా రాయండి. తహసీల్దారు, ఎంపీడీవో బదిలీ అవుతారు. సంఘం కార్యదర్శి మారతారు. హోదా పక్కన ఫోను నంబరు, దాని పక్కన ఆ మనిషి దొరకకపోతే పిలవవలసిన రెండో నంబరు ఉండాలి. వీలైతే సంస్థ పేరున ఒక సిమ్ తీసుకుని, విధుల్లో ఉన్నవారి చేతికి ఆ ఫోను మార్చుతూ ఉండండి. దానికయ్యే ఖర్చు మీరు కొట్టించే ఫ్లెక్సీ ఖర్చు కన్నా తక్కువే.

రెండు జిల్లాల్లో పనిచేసేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కరెంటు విషయంలో నెల్లూరు దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కిందికి, ప్రకాశం మధ్య డిస్కం కిందికి వస్తాయి. రెండు చోట్లా ఒకే అధికారికి ఫోను చేస్తే పని జరగదు.

2. ఎవరి మాట చెల్లుతుంది

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ప్రమాద స్పందన వ్యవస్థ పేరుతో మార్గదర్శకాలు విడుదల చేసింది. దాని ప్రకారం జిల్లాలో బాధ్యతాధికారి కలెక్టర్. ఆయన కింద క్షేత్ర కార్యకలాపాలు, ప్రణాళిక, సరఫరా అనే మూడు విభాగాలు పనిచేస్తాయి. మీరు దీనికి పోటీగా ఇంకో వ్యవస్థ కట్టకండి. మీలో ఒకరిని సరఫరా విభాగంతో, ఒకరిని ప్రణాళిక విభాగంతో మాట్లాడే మనుషులుగా నియమించి, ఆ సంగతి కలెక్టరేట్‌కు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి. వరద రోజున పది సంస్థల నుంచి పదిమంది ఫోను చేస్తే కంట్రోల్ రూములో ఎవరూ వినరు. ఒకరు చేస్తే వింటారు.

మీలో మీకు కూడా నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి. ఈ పని చేసేదెవరు, జవాబుదారీ ఎవరిది, ముందుగా ఎవరిని అడగాలి, తర్వాత ఎవరికి చెబితే చాలు? పడవ పంపడం, వంట మొదలుపెట్టడం, పత్రికలతో మాట్లాడటం, డబ్బు ఖర్చు పెట్టడం అనే నాలుగు నిర్ణయాలకు విడివిడిగా ఈ జవాబులు రాసుకోండి. మిగతావి ఇంగితంతో నడుస్తాయి. నలభై అంశాలతో పెద్ద పట్టిక తయారుచేసే ఉత్సాహవంతులు ప్రతి సమావేశంలోనూ ఉంటారు. వారికి టీ ఇచ్చి కూర్చోబెట్టండి.

నెల్లూరువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది. కోవూరు వైపు జాతీయ రహదారి కూడా దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. అంటే పెన్నాకు అటువైపు ఒక లోకం, ఇటువైపు ఒక లోకం. అలాంటి రోజున నిర్ణయాలన్నీ నెల్లూరు నగరంలో కూర్చున్నవారి చేతిలోనే ఉంటే ఉత్తర ఒడ్డున ఉన్న కోవూరు, విడవలూరు, అల్లూరు వైపు పని స్తంభిస్తుంది. అందువల్ల రెండు ఒడ్డుల్లోనూ ఒక్కొక్క సమన్వయకర్త ఉండాలి. రెండో ఒడ్డుతో మాట కలవకపోయినా ఖర్చు పెట్టే అధికారం, మనుషులను కదిలించే అధికారం వారికి ముందే ఇచ్చి ఉంచండి. సరుకులు కూడా రెండు వైపులా నిల్వ చేయండి.

3. కొలతలు కలపడం

ఈ పనికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించండి. సంస్థల మధ్య మాట తెగేది ఎక్కువగా ఇక్కడే.

జలవనరుల శాఖ పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలామని చెబుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. రెవెన్యూవారికి కావలసింది ఏ ఊళ్లు మునుగుతాయన్నది. వైద్య సిబ్బందికి కావలసింది ఏ రోడ్డు మీద 108 వాహనం వెళ్లగలదన్నది. ఊళ్లో ముసలాయన మాత్రం నీళ్లు గుడి మెట్లలో ఎన్నో మెట్టు దాకా వచ్చాయో చెబుతాడు. నలుగురూ నిజమే చెబుతారు గాని, ఒకరి మాట ఇంకొకరికి పనికిరాదు.

దీనికి విరుగుడు ఎండాకాలంలోనే తయారుచేయాలి. మీ మండలంలోని ప్రతి లోతట్టు ఊరికీ ఒక వరుస పెట్టుకుని, జలవనరుల శాఖ ఇంజినీరు దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఎంత నీరు వదిలితే అది ఎన్ని గంటలకు మీ ఊరి దగ్గరికి చేరుతుందో అడిగి రాసుకోండి. తర్వాత ఊళ్లోకి వెళ్లి, వెనకటి వరదల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్లను అడగండి. పాఠశాల గోడ మీదో, విద్యుత్ స్తంభం మీదో అడుగుల లెక్కన రంగుతో గీతలు గీయించండి. ఆ గీతల అంకెలు, విడుదల అంకెలు పక్కపక్కన పెడితే ఒక పట్టిక తయారవుతుంది. అది నూటికి నూరుపాళ్లు సరిగా ఉండదు. వాగుల నీరు ఎక్కడో కలుస్తుంది, సముద్రం పోటు మీద ఉంటే నది నీటిని లోపలికి తీసుకోదు. అయినా, అర్ధరాత్రి వచ్చిన ఒక అంకెకు అర్థం తెలియక తడుముకోవడం కన్నా అది ఎంతో మేలు.

ప్రకాశంలో గుండ్లకమ్మ కింది ఊళ్లవారికీ ఇలాంటి పట్టిక కావాలి. మల్లవరం దగ్గరి జలాశయం గేటు ఒకటి 2022లో, మిగ్‌జాం తుపాను తర్వాత 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. నీళ్లు వదలడం ఎప్పుడూ అధికారుల నిర్ణయం ప్రకారమే జరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

హెచ్చరికలకు కొత్త మాటలు కనిపెట్టకండి. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలు నాలుగు అంచెల్లో వస్తాయి. ముందస్తు సూచన దాదాపు 72 గంటల ముందు, అప్రమత్తత 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు, తీరం దాటాక ఏమవుతుందన్న అంచనా 12 గంటల ముందు. వీటికి తోడు పసుపు, నారింజ, ఎరుపు రంగులున్నాయి. కృష్ణపట్నం ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు తీరంలోని పిల్లలకు కూడా తెలుసు. ఏ అంచెలో మీ సంస్థ ఏ పని మొదలుపెడుతుందో రాసుకుంటే చాలు. అప్రమత్తత రాగానే పడవల లెక్క, హెచ్చరిక రాగానే గర్భిణులను ఆస్పత్రి దగ్గరికి చేర్చడం, ఇలా.

కంప్యూటర్ల మధ్య హెచ్చరికలు మార్చుకోవడానికి అంతర్జాతీయంగా ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది. దాని 1.2 రూపం 2010లో ఖరారైంది. మన దేశంలో విపత్తు హెచ్చరికలు పంపే సచేత్ యాప్‌కు, పోర్టల్‌కు ఆధారం అదే. ఆ సాంకేతిక వివరాలు మీకు అక్కర్లేదు గాని, అది ప్రతి హెచ్చరికనూ అడిగే మూడు ప్రశ్నలు మాత్రం అరువు తెచ్చుకోండి: ఎంత త్వరగా, ఎంత తీవ్రంగా, ఎంత నిశ్చయంగా? 'ఆనకట్ట తెగిందట' అన్న మాట ప్రతి వరదలోనూ పుడుతుంది. చూసినవారెవరన్న మూడో ప్రశ్న వేయగానే ఆ వదంతి చాలావరకు అక్కడే ఆగిపోతుంది. సచేత్ యాప్‌ను మీ సమన్వయకర్తలందరి ఫోన్లలోనూ పెట్టించండి.

4. ఊరి పేర్లు, తేదీలు, అక్షరాలు

చిన్న పనులే గాని, వదిలేస్తే అన్నీ తారుమారవుతాయి.

ఆత్మకూరు నెల్లూరు జిల్లాలో ఉంది, నంద్యాల జిల్లాలోనూ ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లింది, చీరాల బాపట్లలో చేరింది. పాత జాబితాలు పాత జిల్లా పేర్లతోనే తిరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంది. మీ పట్టికలో ఊరి పేరు పక్కన ఆ కోడ్ కూడా రాయండి. అప్పుడు ఒకరు పాలెం అని, ఇంకొకరు పాళెం అని రాసినా రెండు జాబితాలూ కలుస్తాయి.

తెలుగు టైపింగ్ యూనికోడ్‌లోనే జరగాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేయించిన జాబితా కాగితం మీద అందంగానే ఉంటుంది. ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి, వెతికితే పేరు దొరకదు.

'నిన్న రాత్రి' అని ఎవరూ రాయకూడదు. సందేశం ఫార్వర్డ్ అయ్యేసరికి ఆ నిన్న ఏ నిన్నో తెలియదు. '20వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు' అని రాయాలి.

5. ఇప్పుడు పరికరాల సంగతి

అందరి చేతిలోనూ ఉన్నది వాట్సాప్. దాన్ని కాదని కొత్తదేదో దించుకోమంటే సగం మంది దించుకోరు, మిగతా సగం తెరవరు. కాబట్టి వాట్సాప్‌నే ఉంచి, దాని పని తగ్గించండి. నా లెక్కలో అది పిలుపు గంట మాత్రమే, దస్తావేజు కాదు. 1024 మంది దాకా చేరగల గ్రూపులో మధ్యాహ్నానికి మూడొందల సందేశాలు వస్తే ఉదయం అడిగిన నీళ్ల ట్యాంకరు వెళ్లిందో లేదో ఎవరు చెప్పగలరు?

రెండే గ్రూపులు పెట్టండి. ఒకటి ప్రకటనలకు, అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలగాలి. రెండోది సమన్వయకర్తలకు, సంస్థకు ఇద్దరు చొప్పున. ఎవరి సొంత గ్రూపులు వారు ఎలాగూ నడుపుకుంటారు, వాటి జోలికి వెళ్లకండి.

వినతులన్నీ ఒక ఉమ్మడి పట్టికలో చేరాలి. గూగుల్ షీట్ చాలు. ప్రతి వినతికీ ఒక వరుస సంఖ్య, నాలుగు దశలు: వచ్చింది, ఒకరు తీసుకున్నారు, పంపారు, అందింది. అందిందని రాసే హక్కు పంపినవారికి కాదు, అడిగినవారికే ఇవ్వండి. ఈ ఒక్క నియమంతోనే సగం గొడవలు తగ్గుతాయి. పట్టికను దిద్దేవారు ఒకేసారి ఇద్దరు మించకూడదు. మిగతావారు చూస్తే చాలు. ఇంట్లో కూర్చుని చేయగల పని ఇది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న మీ ఊరి కుర్రవాళ్లకు అప్పగించండి, వారి దగ్గర కరెంటు పోదు.

ఊళ్లలో నష్టం లెక్కలు సేకరించాలంటే కోబో టూల్‌బాక్స్ వంటి సాధనం మంచిది. ప్రశ్నలు తెలుగులో పెట్టవచ్చు. నెట్‌వర్క్ లేని చోట కూడా ఫోనులో నింపుకుని, సిగ్నల్ వచ్చాక పంపవచ్చు. ఊరి పేరు టైపు చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి.

సంస్థల మధ్య లేఖలు, ఒప్పందాలు, ఖర్చుల లెక్కలు ఈమెయిల్‌లో నడవాలి. ఎవరి సర్వరు వారిదైనా ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరడం ఈమెయిల్ గొప్పతనం. చాటింగ్‌కు అదే సూత్రంతో 2014లో మొదలైన బహిరంగ ప్రమాణం మ్యాట్రిక్స్. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం వాడే చాప్ అనే చాటింగ్ యాప్ దాని మీద కట్టిందే. సొంత సాంకేతిక సిబ్బంది ఉన్న పెద్ద సంస్థలు దాన్ని తప్పక పరిశీలించాలి. మండల స్థాయి సంఘాలకు మాత్రం నేను సిఫారసు చేయను. సర్వరు చూసే మనిషి వరద రోజున ఊళ్లో ఉంటాడన్న నమ్మకం లేదు.

6. సందేశం రాసే తీరు

'మైపాడు దగ్గర పరిస్థితి ఘోరంగా ఉంది, దయచేసి సాయం చేయండి, అందరికీ పంపండి.' ఇలాంటి సందేశంతో ఎవరూ ఏమీ చేయలేరు. దాని బదులు ఇలా రాయండి:

'వినతి 14. ఇందుకూరుపేట మండలం, మైపాడు. 19వ తేదీ ఉదయం 6.40. పాఠశాలలో 60 మంది, ఇద్దరు నిండు గర్భిణులు. తాగునీరు లేదు. చూసి చెప్పింది ఏఎన్ఎం. కావలసింది మధ్యాహ్నంలోగా నీళ్ల ట్యాంకరు. దారి: నెల్లూరు నుంచి రోడ్డు తెరిచే ఉంది.'

ఈ నమూనాను కార్డు మీద అచ్చువేసి ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్తకు, వీఆర్వోకు, పాళెం పెద్దలకు ఇవ్వండి. గొంతు సందేశాలు పంపేవారిని వద్దనకండి. చదువు రానివారికి అదే దారి. వాటిని విని రాతలో పెట్టే మనిషిని ఒకరిని కేటాయించండి.

ఎస్ఎంఎస్ పంపాల్సి వస్తే పొడవు చూసుకోండి. తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కు 70 గుర్తులే పడతాయి, ఇంగ్లీషులోలా 160 కాదు. పైగా గుణింతాలు, పొల్లు కూడా విడిగా లెక్కకు వస్తాయి. 'నెల్లూరు' అన్న ఒక్క మాటకే ఎనిమిది గుర్తులు ఖర్చు. ఒకేసారి వేలమందికి పంపే ఎస్ఎంఎస్‌లకు పంపేవారి పేరు, సందేశ నమూనా టెలికం నిబంధనల ప్రకారం ముందే నమోదై ఉండాలి. తుపాను వచ్చాక ఆ నమోదు జరిగే పని కాదు.

7. నెట్‌వర్క్ పోయినప్పుడు

పోతుంది. కరెంటు పోతుంది, టవరు బ్యాటరీ అయిపోతుంది, జనరేటరుకు డీజిల్ తెచ్చే దారి మునుగుతుంది. ఓడరేవుల సూచికల్లో 11వ నంబరుకు అర్థం ఏమిటో తెలుసా? తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడు అని. మాట వినిపించకపోవడాన్ని కూడా ఒక సూచనగా ముందే లెక్కలోకి తీసుకున్న పాత పెద్దల తెలివి అది. మీరూ ఒక నియమం పెట్టుకోండి: ఏదైనా ఊరి నుంచి ఒప్పుకున్న వేళకు వరుసగా రెండుసార్లు కబురు రాకపోతే, ఆ ఊరు ఆపదలో ఉన్నట్టే లెక్క. క్షేమంగా ఉన్నారనుకోకూడదు. వెంటనే మనిషినో పడవనో పంపాలి.

ఫోను నంబర్ల పట్టికను ప్లాస్టిక్ పూత వేయించి కాగితం మీద ఉంచండి. అత్యవసర నంబర్లు పైనే ఉండాలి: 112, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077, సముద్రంలో చిక్కుకున్నవారి కోసం తీర రక్షక దళం 1554, కరెంటు తీగలు తెగిపడితే 1912. డేటా రాకపోయినా ఎస్ఎంఎస్ వెళ్లవచ్చు, మామూలు కాల్ కలవవచ్చు; వరుసగా ప్రయత్నించండి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు ఏ ఊళ్లో బ్యాటరీ మీద పనిచేస్తాయో తెలుసుకుని పట్టికలో రాయండి. పడవల్లో వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్లు ఉన్నవారెవరో మత్స్యకార సంఘానికి తెలుస్తుంది.

8. ఒక పేజీ ఒప్పందం

పైన అనుకున్నవన్నీ ఒక పేజీలో రాసి, అందరి చేతా సంతకాలు చేయించండి. ఉమ్మడి సరుకు పాడైతే నష్టం ఎవరిది, పత్రికలతో మాట్లాడేదెవరు, ఫొటోల్లో ఎవరి బ్యానరు ఉండాలి అనేవి కూడా రాయండి. బ్యానరు సంగతి చిన్నదని నవ్వకండి, సంస్థలు విడిపోయేది ఎక్కువగా దాని దగ్గరే.

బాధితుల పేర్లు, నంబర్లు, ఆరోగ్య వివరాలు ఎవరెవరు చూడవచ్చో అందులోనే తేల్చాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారం ఇది: ఏ అవసరానికి తీసుకున్నారో దానికే వాడాలి, అవసరం తీరాక తొలగించాలి. పొట్లం ఇవ్వడానికి ఆధార్ నంబరు అడగనక్కర్లేదు.

9. కసరత్తు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఊళ్లోనే ఉంటారు. మొదటి కసరత్తు అప్పుడే పెట్టండి. రెండోది సెప్టెంబరులో, ముందుగా చెప్పకుండా, తెల్లవారుజామున జరపండి. ఒక ఉత్తుత్తి వినతి పంపి, అది ఎన్ని నిమిషాల్లో పట్టికలోకి ఎక్కిందో, ఎవరు తీసుకున్నారో చూడండి. సందేశం మొదట్లోనే 'కసరత్తు' అన్న మాట ఉండాలి, లేకపోతే అదే వదంతి అవుతుంది. తర్వాత వాట్సాప్ ముట్టుకోకుండా ఇంకోసారి చేయండి. సమావేశంలో అన్నీ తెలుసన్నవారు అప్పుడు తేలిపోతారు.

నిజమైన తుపాను రోజుల్లో ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళకు పదిహేను నిమిషాల ఫోను సమావేశం పెట్టండి. వీడియో వద్దు, మామూలు కాన్ఫరెన్స్ కాల్ చాలు. నిన్నటినుంచి ఏమి మారింది, ఏది ఆగిపోయింది, ఎవరి సాయం కావాలి అనే మూడు సంగతులు మాత్రమే చెప్పాలి.

10. సర్దేయడం

నీళ్లు తీసి, పనులు తగ్గాక రెండు వారాల్లోపు అందరూ ఒక పూట కూర్చోండి. ఏమి జరగాలనుకున్నాం, ఏమి జరిగింది, తేడా ఎందుకొచ్చింది, వచ్చేసారి ఏది మార్చాలి అని వరుసగా అడగండి. మనుషుల పేర్లెత్తి తప్పులు పట్టడం మొదలైతే ఆపండి. పట్టికలో ఏ దశ దగ్గర వినతులు పేరుకుపోయాయో చూడండి, జవాబు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

తర్వాత బాధితుల వివరాలు అన్ని ఫోన్లలోంచీ తీసేయించండి. పట్టిక తెరిచే అనుమతులు రద్దు చేయండి. గ్రూపులను కూడా మూసేయండి. తెరిచి ఉంచితే సంక్రాంతి శుభాకాంక్షలతో, రాజకీయాలతో నిండిపోయి, మళ్లీ తుపాను వచ్చేనాటికి అందరూ దాన్ని మ్యూట్‌లో పెట్టి ఉంటారు. ఖాళీ పట్టిక, ఊళ్ల కోడ్‌లు, నీటిమట్టాల లెక్క, ఒప్పంద పత్రం మాత్రం రెండు చోట్ల భద్రపరచండి. ఒకటి నదికి ఇవతల, ఒకటి అవతల.